పేలియోబయాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టు: సెర్చ్ కమిటీ గదిలో ఏం చూస్తారు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ జియాలజీ చేశారు, అమెరికాలో పీహెచ్‌డీ అయింది, ఇప్పుడు పోస్ట్‌డాక్ రెండో ఏడు నడుస్తోంది. జురాసిక్ కాలపు సరీసృపాల ఎముకల్ని పలచగా కోసి, మైక్రోస్కోప్ కింద వాటి పెరుగుదల గీతలు చదవడం మీ పని. ఒక స్టేట్ యూనివర్సిటీ జియాలజీ విభాగం పేలియోబయాలజీలో (శిలాజాల ద్వారా పాత జీవుల్ని చదివే శాస్త్రం) టెన్యూర్ ట్రాక్ (కొన్నేళ్ల పరీక్షాకాలం తర్వాత శాశ్వతం కాగల) అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలని ప్రకటన ఇచ్చింది. నా పేపర్లు సరిపోతాయా, లోపల ఎలా ఎంచుతారు, ఇక్కడ రాకపోతే ఇండియాకి వచ్చేస్తే ఎలా ఉంటుంది అని అడిగారు.

నేను ఇక్కడ అమెరికాలో ఒక జియాలజీ విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పాఠాలు చెబుతున్నాను. నాలుగు సెర్చ్ కమిటీల్లో (కొత్త అధ్యాపకుల్ని ఎంచే కమిటీలు) కూర్చున్నాను, ఒకదానికి ఛైర్‌గా ఉన్నాను. అంతకుముందు మూడుచోట్ల ఇంటర్వ్యూకి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఇంకో సంగతి, నేను శిలాజాల మనిషిని కాను. నాది అవక్షేప శిలల పని. ఇది చెప్పడానికి కారణం ఉంది. మీకు ఓటేసేది ఎక్కువగా నాలాంటివాళ్లే. పదిహేను మంది ఉండే విభాగంలో శిలాజాలు నిజంగా తెలిసినవాళ్లు ఒక్కరుంటే గొప్ప. చాలాసార్లు ఆ ఒక్కరూ ఉండరు, ఆయన రిటైర్ అయ్యారు కాబట్టే ఈ పోస్టు వచ్చింది.

పేపర్ల సంగతి ముందే తేల్చేద్దాం, అందరి టెన్షనూ దాని గురించే కదా. ఇలాంటి పోస్టుకి అప్లై చేసినవాళ్లలో పైవరసలో ఉన్న అందరి దగ్గరా మంచి పేపర్లు ఉంటాయి. మీకంటే ఎక్కువున్నవాళ్లూ ఉంటారు. ఆ లెక్క మొదటి జల్లెడ దాటడానికి పనికొస్తుంది, అంతే. ఆ తర్వాత కమిటీలో నడిచే మాట వేరు. ఈ మనిషి వస్తే మనకున్న ఏ ఇబ్బంది తీరుతుంది?

ఆ ఇబ్బంది ఏమిటో తెలియాలంటే పోస్టు ఎలా పుడుతుందో తెలియాలి. ముప్ఫై ఏళ్లు శిలాజాల పాఠాలు చెప్పిన పెద్దాయన వెళ్లిపోతారు. ఆ ఖాళీ మాదే అని విభాగం అనుకుంటుంది, కానీ తాళం డీన్ దగ్గర ఉంటుంది. డీన్ దాన్ని డేటా సైన్స్‌కి ఇచ్చేయొచ్చు. ఒకవేళ మాకే వదిలినా, భూగర్భజలాల వాళ్లు ఒకవైపు, జియోకెమిస్ట్రీ వాళ్లు ఇంకోవైపు లాగుతారు. మా దగ్గర ఒక పోస్టు మీద ఏడాదిన్నర తగువు నడిచింది. నేనూ నాకు కావలసినవైపే లాగాను, దాచడం ఎందుకు. చివరికి శిలాజాల వైపు మొగ్గింది ఎందుకో తెలుసా? డైనోసార్ల కోర్సు వల్ల. ఇక్కడ చరిత్ర చదివేవాళ్లు, బిజినెస్ చదివేవాళ్లు కూడా ఏదో ఒక సైన్స్ కోర్సు తీసుకుని తీరాలి. ఫిజిక్స్ అంటే భయపడి డైనోసార్ల దగ్గరికి వస్తారు. పెద్ద హాలు నిండిపోతుంది. విభాగానికి వచ్చే డబ్బూ, టీచింగ్ అసిస్టెంట్ల సంఖ్యా చాలా యూనివర్సిటీల్లో ఆ తలల లెక్క మీదే ఆధారపడతాయి. అంటే భూకంపాల మీద పరిశోధన చేసే కుర్రాడికి కూడా ఒక రకంగా డైనోసార్లే అన్నం పెడుతున్నాయి.

అందుకని ఆ పెద్ద కోర్సు సంతోషంగా చెబుతానని మీ కవర్ లెటర్‌లో ఎక్కడో ఒకచోట స్పష్టంగా ఉండాలి. "అవసరమైతే చెప్పగలను" అని రాస్తే, రాయకపోయినా ఒకటే. దాంతోపాటు హిస్టారికల్ జియాలజీ, స్ట్రాటిగ్రఫీ (రాతి పొరల శాస్త్రం), వేసవిలో ఫీల్డ్ క్యాంప్. ఇవి మూడూ ఇప్పుడు ఎవరు చెబుతున్నారో విభాగం వెబ్‌సైట్‌లో వెతకండి. రిటైర్ అయినాయన పేరో, గెస్ట్ లెక్చరర్ పేరో కనిపిస్తే మీరు పూడ్చాల్సిన గుంత అదే. మీరు హైదరాబాద్‌లో ఎమ్మెస్సీ చేశారు కాబట్టి మ్యాపింగ్, ఖనిజాలు, శిలలు అన్నీ చదివే ఉంటారు. బయాలజీ విభాగాల నుంచి వచ్చే అభ్యర్థులకి ఆ పునాది తక్కువ. వాళ్లు మొలస్క్‌ల (నత్తలు, ఆల్చిప్పల జాతి) పరిణామం మీద అద్భుతంగా మాట్లాడతారు గానీ, ఇరవై మంది పిల్లల్ని కొండ మీదికి తీసుకెళ్లి పొరల వాలు కొలిపించమంటే తడబడతారు. మీ బలం అక్కడుంది. మనవాళ్లు దాన్ని మామూలు విషయమనుకుని సీవీలో రెండో పేజీ అడుగున పడేస్తారు.

ఇక ప్రకటన భాష. పేలియాంటాలజీ అనకుండా పేలియోబయాలజీ అన్నారు కదా, అది ఊరికే పడ్డ మాట కాదు. శిలాజానికి పేరు పెట్టి, పొర వయసు చెప్పి ఊరుకోకుండా, జీవపరిణామం గురించి పెద్ద ప్రశ్నలు వేసి లెక్కలతో జవాబు వెతకాలన్న ఊపు 1970ల్లో అమెరికాలో బలంగా వచ్చింది. 1972లో ఎల్డ్రెడ్జ్, గూల్డ్ పంక్చువేటెడ్ ఈక్విలిబ్రియా వాదం (జాతులు చాలాకాలం మారకుండా ఉండి, తర్వాత త్వరగా మారతాయన్నది) తెచ్చారు. 1975లో పేలియోబయాలజీ అన్న పేరుతోనే ఒక జర్నల్ మొదలైంది. 1982లో రౌప్, సెప్‌కోస్కీ సముద్ర జీవుల కుటుంబాల పట్టికలు తీసుకుని, భూమి చరిత్రలో ఐదు మహా వినాశనాలు మిగతావాటికంటే ఎలా ఎత్తుగా నిలుస్తాయో, వాటిలో నాలుగు గణాంకాల పరీక్షకి కూడా ఎలా నిలబడతాయో చూపించారు. సెప్‌కోస్కీ ఆ పట్టికలు కట్టింది సుత్తితో కాదు, లైబ్రరీలో ఏళ్ల తరబడి కూర్చుని. ఆ సంప్రదాయంలో పెరిగినవాళ్లు కమిటీలో ఉంటే "మీ దగ్గర ఎన్ని నమూనాలున్నాయి, మీ ప్రశ్న ఆ ఒక్క జంతువుని దాటి ఎక్కడికి పోతుంది" అని అడుగుతారు. ఎముకల గీతలు చదవడం మీకు పద్ధతి మాత్రమే. ఆ పద్ధతితో తేల్చాలనుకున్న ప్రశ్న ఒక్క వాక్యంలో రావాలి. ఉదాహరణకి, జురాసిక్ కాలపు ఆ భారీ శాకాహార డైనోసార్లు అంత పెద్ద శరీరానికి వేగంగా పెరిగి చేరాయా, ఎక్కువకాలం పెరిగి చేరాయా. ఇది భూకంపాల ఆయనకి కూడా అర్థమవుతుంది.

రీసెర్చ్ స్టేట్‌మెంట్‌లో ఇంకోటి తప్పక రాయండి. మీ ల్యాబ్ చౌక. ఎముకని కోసి, అరగదీసి, స్లైడ్ చేయడానికి కావలసిన రంపం, అరగదీసే యంత్రం, పోలరైజింగ్ మైక్రోస్కోప్ దాదాపు ప్రతి జియాలజీ విభాగంలోనూ రాళ్ల కోసం ఇప్పటికే ఉంటాయి. మాస్ స్పెక్ట్రోమీటర్ లాంటి ఖరీదైన యంత్రం కావాలనే అభ్యర్థి పక్కన మీరు కూర్చున్నప్పుడు విభాగం హెడ్ మనసులో ఒక లెక్క నడుస్తుంది. ఆ లెక్క మీకు అనుకూలంగా ఉందని మీరే గుర్తు చేయాలి. అయితే అంతా ఉచితమన్నట్టు రాయకండి, తర్వాత స్టార్టప్ డబ్బు (ల్యాబ్ పెట్టుకోవడానికి యూనివర్సిటీ ఇచ్చేది) అడిగేటప్పుడు నోరు పెగలదు.

రిఫరెన్స్ లెటర్ల దగ్గర మనవాళ్లకి పెద్ద దెబ్బ తగులుతుంది. ఇండియా నుంచి వచ్చే లెటర్లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి: కష్టపడే మనిషి, క్రమశిక్షణ ఉంది, ప్రవర్తన మంచిది. ఇక్కడ అలాంటి లెటర్ చదివితే "ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదన్నమాట" అనుకుంటారు. మీ ఎమ్మెస్సీ గురువుగారంటే ఎంత గౌరవమున్నా, మీ పని దగ్గరగా చూసినవాళ్లనే అడగండి. ఒకరు పీహెచ్‌డీ గైడ్, ఒకరు పోస్ట్‌డాక్ బాస్, మూడోవాళ్లు మీతో పేపర్ రాయని బయటి మనిషి అయితే ఇంకా మంచిది. మీరు చేసిన ఒక్క పనినైనా వివరంగా రాయగలరా అని ముందే అడిగెయ్యండి. మొహమాటం వద్దు.

కాలక్రమం మామూలుగా ఇలా ఉంటుంది. ప్రకటన ఆగస్టు నుంచి అక్టోబర్ లోపు, వీడియో ఇంటర్వ్యూలు డిసెంబర్ చుట్టుపక్కల, క్యాంపస్‌కి పిలిచేది జనవరి, ఫిబ్రవరిల్లో, ఉద్యోగం మొదలయ్యేది మళ్లీ ఆగస్టులో. వీడియో ఇంటర్వ్యూ అరగంటే, అందరినీ ఒకే ప్రశ్నలు అడుగుతారు. దాని గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఒక్కటే, ప్రతి జవాబూ రెండు నిమిషాల్లో ముగించండి.

అసలు పరీక్ష క్యాంపస్‌లో గడిపే రెండు రోజులు. సాధారణంగా ముగ్గురిని పిలుస్తారు. ఉదయం టిఫిన్ నుంచి రాత్రి భోజనం దాకా ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. అరగంటకొకరి గదికి తీసుకెళ్తారు. ఆ అరగంటలో మీ గురించే చెప్పుకుంటూ కూర్చోకండి. నా గదికి వచ్చిన ఒక అభ్యర్థి, నేను పని చేసే ఇసుకరాయి పొరల్లో ఎముకలు ఎందుకు దొరకవు, నదిలో కొట్టుకుపోయాయా లేక నేలలోనే కరిగిపోయాయా అని అడిగింది. ఇరవై నిమిషాలు అదే మాట్లాడుకున్నాం. ఆమె వెళ్లిపోయాక నేను చేసిన మొదటి పని మా హెడ్ దగ్గరికెళ్లి ఈ అమ్మాయి కావాలని చెప్పడం. ఆమె సీవీలో ఏముందో అప్పటికి నాకు సరిగా గుర్తు కూడా లేదు.

జాబ్ టాక్‌లో (మీ పరిశోధన మీద విభాగం ముందు ఇచ్చే ఉపన్యాసం) నేను చేసిన తప్పు చెబుతాను, పనికొస్తుంది. నా రెండో ఇంటర్వ్యూలో యాభై నిమిషాల సమయానికి డెబ్బై స్లైడ్లు తీసుకెళ్లాను. మొదటి పదిహేను నిమిషాలు అంతకుముందు ఎవరెవరు ఏం చేశారో చెప్పాను, మన థీసిస్‌లలో రెండో అధ్యాయం ఉంటుంది చూడండి, అలా. నా సొంత ఫలితం వచ్చేసరికి టైమైపోయింది. చివర్లో ఒకాయన చాలా మర్యాదగా, "ఇది తప్పని తేలితే ఏం మారుతుంది?" అని అడిగాడు. నాకు జవాబు తట్టలేదు. తిరుగు విమానంలో తట్టింది. మీరైతే ఎముకతోనే మొదలుపెట్టండి. చిన్నప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరాన్ని చూశానని మీరు రాశారు కదా, టాక్‌ని అక్కడ మొదలుపెట్టవచ్చు. యామన్‌పల్లి దగ్గర దొరికిన దాని ఎముకలకి జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకి చెందిన యాదగిరి గారు 1988లో పేరు పెట్టారు. అదే ప్రాణహిత–గోదావరి లోయలో, కోట ఫార్మేషన్ అనే అవే రాతి పొరల్లో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు తవ్విన బరపసారస్‌కి 1975లో టాగోర్ పేరు కలిపి పెట్టారు. రెండు భారీ జంతువులు, ఒకే లోయ. వీటి ఎముక ముక్కలో చెట్టు వలయాల్లాంటి గీతలుంటే ఏం తెలుస్తుంది? ఇంతవరకు రెండు నిమిషాలు. హాలు మొత్తం మీతో వచ్చేస్తుంది. ఆ తర్వాత గ్రాఫులు ఎన్నైనా చూపించండి.

"మేము" అనే మాట దగ్గర జాగ్రత్త. మనకి నేను అనడం అహంకారంలా అనిపిస్తుంది. గైడ్ గారి ముందు అసలు అనం. నేనైతే మొదటి రెండు ఇంటర్వ్యూల్లో ఒక్కసారి కూడా నేను అనలేదేమో. ఇక్కడ వినేవాళ్లకి "మేము స్కాన్ చేశాం, మేము లెక్కగట్టాం" అంటే ఇందులో మీరు చేసిందేమిటో తెలియదు. ఆరుగురు రాసిన పేపర్‌లో స్లైడ్లు కోసింది నేను, గణాంకాల కోడ్ రాసింది ఫలానా సహచరుడు అని తేటగా చెప్పండి. అది గొప్పలు చెప్పుకోవడం కాదు, లెక్క అప్పజెప్పడం.

నమూనాలు ఎక్కడివి అన్న ప్రశ్నకి సిద్ధంగా ఉండండి. పదేళ్ల కిందట దీన్ని పెద్దగా ఎవరూ అడిగేవాళ్లు కాదు. బ్రెజిల్ నుంచి జర్మనీ చేరిన ఉబిరజారా అనే డైనోసార్ శిలాజం అనుమతుల గొడవ తర్వాత పరిస్థితి మారింది. 2020లో వచ్చిన ఆ పేపర్‌ని జర్నల్ వెనక్కి తీసుకుంది, 2023లో శిలాజం బ్రెజిల్‌కి తిరిగి వెళ్లింది. మయన్మార్ అంబర్ (గట్టిపడ్డ చెట్టు జిగురు) శిలాజాల మీద కూడా 2020 నుంచి పెద్ద చర్చ నడిచింది. మీరు ఎముకని కోసేస్తారు, అంటే నమూనా కొంత శాశ్వతంగా పోతుంది. ఏ మ్యూజియం అనుమతి ఇచ్చింది, కోసే ముందు అచ్చు తీశారా, మిగిలిన ముక్కలు, స్లైడ్లు ఎక్కడ దాచారు. ఇవి రెండు వాక్యాల్లో చెప్పగలిగితే చాలు. ఇక్కడ ఫెడరల్ భూముల్లో శిలాజాలు సేకరించడానికి 2009 నాటి ప్రత్యేక చట్టం ఉంది, పర్మిట్ కావాలి. దాని గురించి తెలుసని మాటల్లో కనిపించేలా చూసుకోండి.

భోజనాల దగ్గర పెళ్లయిందా, పిల్లలెందరు, ఏ దేశ పౌరులు అని అడగకూడదని మాకు ముందే ట్రైనింగ్ ఇస్తారు. మనవాళ్లు అడక్కుండానే అన్నీ చెప్పేస్తారు. భార్యకో భర్తకో అదే ఊళ్లో ఉద్యోగం కావాలంటే ఆ మాట ఆఫర్ చేతికొచ్చాక ఎత్తండి. జీతం, స్టార్టప్ డబ్బు, మొదటి ఏడాది కోర్సుల భారం, అన్నీ అప్పుడే. ఆఫర్ వచ్చి సంతకం పెట్టని ఆ రెండు వారాలే మీ మాట చెల్లే సమయం. జీతం చాలాచోట్ల తొమ్మిది నెలలకే అని గుర్తుంచుకోండి, వేసవి జీతం గ్రాంట్ల నుంచి తెచ్చుకోవాలి. వీసా సంగతి కూడా అప్పుడే విభాగంతో కాకుండా అంతర్జాతీయ ఆఫీసుతో మాట్లాడండి. యూనివర్సిటీలకి హెచ్1బీ లాటరీ వర్తించదు. గ్రీన్ కార్డుకి మాత్రం, అధ్యాపకులకున్న ప్రత్యేక పద్ధతిలో లేబర్ సర్టిఫికేషన్ (కార్మిక శాఖ ఆమోదం) దరఖాస్తు ఎంపిక జరిగిన 18 నెలల్లోపు వెళ్లాలి. ఆ గడువు దాటి మళ్లీ ప్రకటన ఇవ్వాల్సి వచ్చిన సంగతి నేను దగ్గరుండి చూశాను. కాబట్టి చేరిన నెలలోనే అడగండి.

జియాలజీ విభాగాల్లో దొరక్కపోతే ఇంకో దారి ఉంది, మనవాళ్లకి అంతగా తెలియదు. అమెరికాలో వెన్నెముక జీవుల శిలాజాల మీద పని చేసేవాళ్లలో చాలామంది మెడికల్ కాలేజీల్లో అనాటమీ చెబుతారు. మానవ దేహాన్ని డిసెక్షన్ చేసి నేర్పగలవాళ్లు అక్కడ ఎప్పుడూ కావాలి, మిగతా సమయంలో డైనోసార్లు మీ ఇష్టం. ఎముకల మనిషి కాబట్టి మీకు సరిగ్గా సరిపోతుంది. కానీ డిసెక్షన్ అనుభవం లేకుండా కుదరదు. పోస్ట్‌డాక్‌లో ఉండగానే ఒక సెమిస్టర్ అనాటమీ ల్యాబ్‌లో సాయం చేస్తానని అడిగి చూడండి.

ఇండియా సంగతి. అక్కడ పేలియోబయాలజీ పేరుతో పోస్టు దాదాపు రాదు. జియాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్ అని వస్తుంది, ప్రత్యేక అర్హతలో పేలియాంటాలజీ అని ఉంటే ఉంటుంది. 2018 యూజీసీ నిబంధనల్లో యూనివర్సిటీ పోస్టుల షార్ట్‌లిస్ట్‌కి వంద మార్కుల పట్టిక ఉంది. పీహెచ్‌డీకి 30, పీజీకి 25 దాకా, డిగ్రీకి 15 దాకా, పేపర్లకి ఒక్కోదానికి 2 చొప్పున గరిష్ఠంగా 10, టీచింగ్‌కో పోస్ట్‌డాక్‌కో ఏడాదికి 2 చొప్పున గరిష్ఠంగా 10. గమనించారా, మీరు నాలుగేళ్లు కష్టపడి పెద్ద జర్నల్‌లో వేసిన పేపర్‌కీ రెండు మార్కులే, చిన్న జర్నల్ పేపర్‌కీ రెండే. బీఎస్సీలో 80 శాతం దాటిందా లేదా అన్నదానికి దానంత విలువ! అయితే ఈ మార్కులు ఇంటర్వ్యూకి పిలవడానికే, ఎంపిక ఇంటర్వ్యూ మీదే. 2025 జనవరిలో యూజీసీ కొత్త ముసాయిదా పెట్టింది కాబట్టి మీరు అప్లై చేసేనాటికి ఏది అమల్లో ఉందో ప్రకటనలో చూసుకోండి. నెట్ (యూజీసీ అర్హత పరీక్ష) లేకపోయినా, క్యూఎస్, టైమ్స్, షాంఘై ర్యాంకుల్లో ఏదో ఒకదాంట్లో మొదటి 500లో ఉన్న విదేశీ యూనివర్సిటీ పీహెచ్‌డీ అయితే 2018 నిబంధనల ప్రకారం అర్హత ఉంది. కేంద్ర యూనివర్సిటీల్లో రిజర్వేషన్‌కి 2019 చట్టం ప్రకారం యూనివర్సిటీ మొత్తాన్ని ఒక యూనిట్‌గా తీసుకుంటారు. అందుకే మీ సబ్జెక్టులో ఉన్న ఒక్క ఖాళీ ఏ కేటగిరీకి పడుతుందో అప్లై చేసే ముందే చూడాలి. మూల వేతనం నెలకి 57,700 రూపాయలతో మొదలవుతుంది. స్టార్టప్ డబ్బు మీద ఆశ పెట్టుకోకండి.

ఆ ఇంటర్వ్యూ కూడా వేరే లోకం. రెండు రోజులు కాదు, పావుగంట. వైస్ ఛాన్సలరో ఆయన నామినీయో కుర్చీలో ఉంటారు, ముగ్గురు సబ్జెక్టు నిపుణులు, డీన్, హెడ్ ఉంటారు. మీ పరిశోధన గురించి ఒక ప్రశ్న, తర్వాత గోండ్వానా రాతి పొరల వరసక్రమం చెప్పండి, ఈ శిలాజం ఏ యుగానిది అని మూలాలకి వెళ్లిపోతారు. అమెరికాలో ఎనిమిదేళ్లున్నవాళ్లు అక్కడ తడబడటం చూశాను. ఎమ్మెస్సీ నోట్సు మళ్లీ తిరగేయండి, నవ్వొచ్చినా సరే.

నేరుగా పోస్టు కోసం ఎదురుచూడటం కంటే ఇన్‌స్పైర్ ఫ్యాకల్టీ, రామానుజన్ ఫెలోషిప్ లాంటి కేంద్ర ప్రభుత్వ ఫెలోషిప్‌లతో ముందు ఒక సంస్థలో అడుగుపెట్టడం నాకు తెలిసినవాళ్లలో ఎక్కువమందికి కలిసొచ్చింది. లక్నోలోని బీర్బల్ సాహ్ని పేలియోసైన్సెస్ సంస్థ, కోల్‌కతాలో ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) భూవిజ్ఞాన విభాగం మీ పనికి సహజమైన చోట్లు. బరపసారస్ ఉన్నది ఐఎస్ఐలోనే. జియలాజికల్ సర్వేకి యూపీఎస్సీ పరీక్ష రాయాలి, జనరల్ కేటగిరీకి 32 ఏళ్ల పరిమితి ఉంది, మీకు దాటిపోయి ఉండొచ్చు. మన రెండు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి నియామకాలు లేక కాంట్రాక్టు అధ్యాపకులతో నడుస్తున్న విభాగాలున్నాయి. వాటి ప్రకటన కోసం ఇక్కడ ఉద్యోగ ప్రయత్నం ఆపుకోకండి.

మీరు లింక్ పెట్టిన ప్రకటనలో అప్లికేషన్లు చూడటం మొదలుపెట్టే తేదీ ఉంది, అదే ఆఖరు తేదీ అనుకోండి. ఆలోపు మీ రీసెర్చ్ స్టేట్‌మెంట్ మొదటి పేజీ, పేర్లు తీసేసి, ఇక్కడ పెట్టండి. శిలాజాలు తెలియనివాడిగా చదివి ఏ వాక్యం దగ్గర ఆగిపోయానో చెబుతాను.